ఆపరేషన్ ఒక్కటే దారి కాదు



పెండ్లి ప్రకటనలు చదవడానికి ముందు వధూవరులను కూర్చోబెట్టి మాట్లాడడం మన సంఘాల్లో మంచి ఆచారం. కుటుంబ ప్రార్థన గురించి చెబుతారు. అత్తమామలతో ఎలా మెలగాలో, జీతం ఎలా ఖర్చు పెట్టుకోవాలో, అప్పులు, చిట్టీలు, తాగుడు గురించి కూడా చెబుతారు. పిల్లల్ని ఎప్పుడు కనాలి, ఎంత ఎడంతో కనాలి, అందుకు ఏ పద్ధతి వాడాలి అనే దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి గొంతూ సన్నబడుతుంది. "అవన్నీ డాక్టరమ్మ చెబుతుందిలే" అని ముగిస్తారు. ఓపీలో వంద మంది వరుసలో ఉంటే డాక్టరమ్మకు మాత్రం తీరిక ఎక్కడిది? చివరికి చెప్పేది పక్కింటి ఆవిడ, నిర్ణయించేది అత్తగారు.

గోదావరిఖని, రామగుండం, ఎయిటింక్లయిన్ కాలనీ, జ్యోతినగర్ ఎక్కడైనా ఒకటే కథ. పందొమ్మిది ఇరవై ఏళ్లకు పెండ్లి, ఏడాది తిరిగేసరికి మొదటి బిడ్డ, ఆ బిడ్డ సరిగా నడవకముందే రెండో కడుపు. రెండో కాన్పు కాగానే, "ఇద్దరు పుట్టిండ్రు కదా, ఇగ ఆపరేషన్ చేయించుకో బిడ్డా" అంటారు. ఇరవై మూడేళ్ల అమ్మాయికి జీవితంలో ఆ విషయమై ఇచ్చే ఎంపిక అదొక్కటే. అంతకుముందు ఏ సాధనమూ లేదు, ఆ తరువాత తిరిగి రావడానికి దారీ లేదు.

ఇది ఊహ కాదు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెండ్లయిన స్త్రీలలో (15 నుండి 49 ఏళ్ల వారిలో) దాదాపు 62 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. కాపర్‌-టి, మాత్రలు, ఇంజెక్షన్, నిరోధ్ అన్నీ కలిపినా ఇరవై మందిలో ఒక్కరు కూడా వాడడం లేదు. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీ సగటున కనే పిల్లలు 1.8. అంటే తక్కువ మందిని కనాలని మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. తెలియనిది ఎడం పాటించడం ఎలా అన్నది. ఒక కాన్పు తరువాత మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్లు ఆగాలని వైద్యులు చెబుతారు. రక్తహీనతతో మొదటి బిడ్డను కన్న తల్లి ఒంట్లో రక్తం పట్టకముందే రెండో బిడ్డను మోస్తే, ఆ భారం తల్లీ బిడ్డా ఇద్దరి మీదా పడుతుంది.

ఆపరేషన్ చెడ్డదని నేను అనడం లేదు. ఇక పిల్లలు వద్దని భార్యాభర్తలు ఆలోచించి నిశ్చయించుకున్నప్పుడు, మంచి ఆసుపత్రిలో చేసినప్పుడు అది నమ్మదగిన పద్ధతే. కాని శస్త్రచికిత్స శస్త్రచికిత్సే. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే, ఇన్ఫెక్షన్ సోకి కొద్దిరోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయారు. అంతకు ఎనిమిదేళ్ల క్రితం, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఇలాంటి క్యాంపులోనే పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. క్యాంపులు పెట్టి గుంపుగా చేసే ఈ పద్ధతిని మూడేళ్లలో మానివేయాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఆదేశించింది. ఇబ్రహీంపట్నం ఆ తరువాతే జరిగింది. ఆపరేషన్ చేయించుకున్నాక దేవుడు ఎరుగు, ఒక బిడ్డ దూరమైతే? గొట్టాలను తిరిగి కలిపే ఆపరేషన్ ఉంది గాని అది ఫలిస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. సంఘ కాపరులుగా మాకు అలాంటి తల్లుల కన్నీళ్లు కొత్త కాదు.

మరి మిగిలిన దారులేమిటి? మనవాళ్లు ఎక్కువగా విననివాటి గురించే ఈ వారం రాస్తున్నాను.

ముందు "ఛాయ" మాత్ర. పేరు విన్నవారే తక్కువ, కాని ఇది పూర్తిగా మన దేశంలో పుట్టిన మందు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని కనుగొన్నారు. మందు పేరు సెంట్‌క్రోమన్. 1991లో "సహేలీ" అనే పేరుతో దుకాణాల్లోకి వచ్చింది. ఇప్పుడు "ఛాయ" పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. మామూలు మాత్రల్లో ఉండే హార్మోన్లు ఇందులో లేవు. అందుకే వాంతులు, తలతిప్పడం వంటి బాధలు తక్కువ, పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. రోజూ వేసుకోనక్కరలేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తరువాత వారానికి ఒక్కటే. నెలసరి మొదలైన రోజున మొదటి మాత్ర వేసుకోవాలి. అది ఆదివారమైతే రెండోది బుధవారం, సోమవారమైతే గురువారం. మూడు నెలల తరువాత ఆ మొదటి వారమే మిగులుతుంది. ఆదివారం వచ్చినవారికి గుడికి బయలుదేరే ముందు మాత్ర గుర్తుండిపోతుంది. మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, మళ్లీ నెలసరి వచ్చేదాకా నిరోధ్ కూడా వాడాలి. ఏడు రోజులు దాటిపోతే మళ్లీ మొదటినుండి మొదలుపెట్టాలి. ఈ మాత్ర వల్ల కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది. ఆ కారణంగా భయపడి మానేసేవారే ఎక్కువ. పదిహేను రోజులు దాటినా రాకపోతే గర్భ పరీక్ష చేయించుకోవాలి. అండాశయంలో నీటి బుడగలు ఉన్నవారికి, కామెర్లు, కాలేయ జబ్బు ఉన్నవారికి ఇది తగదు.

ఈ మాత్ర గురించి విశ్వాసులకు ఎవరూ చెప్పని ఒక సంగతి ఉంది, అది చెప్పకుండా నేను ముందుకు పోలేను. ఛాయ అండం విడుదలను ఆపదు. గర్భసంచి లోపలి పొర పెరిగే వేళను, అండం అక్కడికి చేరే వేళను ఒకదానికొకటి పొసగకుండా చేస్తుంది. కాబట్టి ఫలదీకరణ జరిగినా అది గర్భసంచిలో నాటుకోదు. వైద్యశాస్త్రం గర్భాన్ని నాటుకున్న తరువాతే లెక్కిస్తుంది గనుక వారి దృష్టిలో ఇది గర్భనిరోధమే, గర్భస్రావం కాదు. కాని జీవం ఫలదీకరణతోనే మొదలవుతుందని నమ్మే దంపతులు ఈ సంగతి తెలుసుకొని నిర్ణయించుకోవాలి. ఎవరి మనస్సాక్షికి వారు జవాబుదారులు. తెలియకుండా వాడి తరువాత కుమిలిపోవడం కంటె ముందే తెలుసుకోవడం మేలు.

ఈ లెక్కన "అంతర" ఇంజెక్షన్ ఆ ప్రశ్నను చాలావరకు తప్పిస్తుంది, ఎందుకంటే అది ప్రధానంగా అండం విడుదలనే ఆపుతుంది. మూడు నెలలకు ఒకసారి, అంటే ఏడాదికి నాలుగు ఇంజెక్షన్లు. ప్రభుత్వం 2017 నుండి ఈ పేరుతో ఇస్తోంది. కాన్పయిన ఆరు వారాల తరువాత పాలిచ్చే తల్లి తీసుకోవచ్చు. సూది వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. మొదట్లో నెలసరి క్రమం తప్పుతుంది, చుక్కలు చుక్కలుగా కనబడవచ్చు. కొన్ని ఇంజెక్షన్ల తరువాత చాలామందికి నెలసరి ఆగిపోతుంది. "చెడు రక్తం లోపలే పేరుకుపోతుంది" అని మన ఆడవారు భయపడతారు. పేరుకోవడానికి అక్కడ ఏమీ తయారు కాదు. పొరే పలచగా ఉంటుంది, అంతే. రక్తహీనత ఉన్న తల్లికి అది మేలు కూడా. అయితే ఇంజెక్షన్ మానేశాక వెంటనే గర్భం రాదు, చివరి ఇంజెక్షన్ తరువాత ఏడు నుండి పది నెలలు పట్టవచ్చు. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునేవారు దీని జోలికి పోవద్దు. బీపీ బాగా ఎక్కువ ఉన్నవారు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు తీసుకోకూడదు.

ఇంజెక్షన్ల చరిత్రలో మన తెలంగాణ పేరు కూడా ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్‌-ఎన్ అనే మరో గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పరీక్షించడానికి పేద స్త్రీలను పోగుచేశారు. అది ప్రయోగమని వారికి తెలియదు. హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి ప్రశ్నించారు. తరువాతి సంవత్సరం ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఇప్పటి అంతర వేరే మందు, ప్రపంచమంతా వాడుతున్నది. అయినా ఆ స్త్రీలు ఆనాడు అడిగిన ప్రశ్న నేటికీ పాతబడలేదు: నా ఒంట్లోకి ఎక్కించేది ఏమిటి, దానివల్ల ఏమవుతుంది, వద్దంటే మరేముంది?

కాపర్‌-టి పేరు అందరికీ తెలుసు, కాని దాని గురించి తెలిసినదంతా భయమే. "గుండెకు ఎక్కుతుంది" అంటారు. గర్భసంచి మూసి ఉన్న సంచి. అందులోనుండి గుండెకు దారి లేదు. అరుదుగా జారి బయటికి రావచ్చు, అందుకే మొదటి నెలసరి తరువాత ఒకసారి చూపించుకోమంటారు. 380-ఎ రకం పదేళ్లు, 375 రకం అయిదేళ్లు పనిచేస్తుంది. వద్దనుకున్న రోజున తీయించుకుంటే ఆ నెల నుండే గర్భం రావచ్చు. కాన్పయిన 48 గంటల్లోపు ఆసుపత్రిలోనే వేయించుకునే వీలుంది. ఇది చాలామందికి తెలియదు. కాన్పుకు ముందే, నొప్పులు రాకముందే, అడిగి ఒప్పుకోవాలి. నొప్పుల మధ్య సంతకం పెట్టించుకుంటే దాన్ని సమ్మతి అనలేము. కాపర్‌-టి వేశాక మొదటి మూడు నుండి ఆరు నెలలు రక్తస్రావం, కడుపునొప్పి కొంచెం ఎక్కువగా ఉండవచ్చు. రక్తహీనత ఎక్కువగా ఉన్నవారు ముందు దానికి మందులు వాడుకోవాలి. రాగి ప్రభావంతో పురుష బీజకణాలు అండాన్ని చేరలేకపోవడమే దీని ముఖ్యమైన పని అని వైద్యుల మాట. గర్భసంచి పొరలో కూడా కొంత మార్పు తెస్తుంది గనుక కొందరు విశ్వాసులు దీనికి దూరంగా ఉంటారు. ఇతరులు ఆ ముఖ్యమైన పనిని బట్టే ఒప్పుకుంటారు. ఈ విషయంలో ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని నా విన్నపం.

చేతి చర్మం కింద అమర్చే చిన్న కడ్డీ కూడా ఉంది. మూడేళ్లు పనిచేస్తుంది. ప్రభుత్వం దాన్ని కొన్ని రాష్ట్రాల్లో ఎంపిక చేసిన జిల్లాల్లో ప్రవేశపెట్టింది. మన దగ్గర ఉందో లేదో ఆసుపత్రిలో అడగండి.

మందులేవీ వద్దనుకునేవారికి కూడా దారి ఉంది, కాని దానికి క్రమశిక్షణ కావాలి. కాన్పు తరువాత తల్లిపాలే ఒక కాపుదల. దానికి మూడు షరతులు: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, నెలసరి తిరిగి రాకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టకూడదు. మూడూ ఉంటే వందలో తొంభై ఎనిమిది మందికి కాపుదలే. ఒక్కటి తప్పినా ఆ రోజు నుండి వేరే సాధనం చూసుకోవాలి. తరువాత రోజుల లెక్క. నెలసరి 26 నుండి 32 రోజుల మధ్య క్రమంగా వచ్చే స్త్రీ, నెలసరి మొదలైన రోజును ఒకటిగా లెక్కపెట్టి, ఎనిమిదో రోజు నుండి పంతొమ్మిదో రోజు వరకు కలయిక మానాలి. ఖచ్చితంగా పాటిస్తే ఏడాదిలో వందమందికి అయిదుగురు గర్భం దాలుస్తారు. మామూలుగా మనుషులు పాటించే తీరులోనైతే పన్నెండు మంది. మన ప్రాంతంలో మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైట్ షిఫ్టు వారం వారం మారుతూ ఉంటే, ప్లే డే నాడు మాత్రమే భర్త తీరికగా ఇంట్లో కనబడే కుటుంబాలకు ఈ లెక్క ఎంత కష్టమో నాకు తెలియనిది కాదు. భర్త పూర్తి సహకారం లేకుండా ఇది నిలవదు. దాంపత్యంలో దూరంగా ఉండడం ఇద్దరి సమ్మతితో కొంతకాలమే ఉండాలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో పౌలు చెప్పిన మాటను ఇక్కడ భర్తలు కూడా చదువుకోవాలి.

భర్తల మాట వచ్చింది గనుక. కోతలేని వేసెక్టమీ గురించి మన సంఘాల్లో మగవారు నవ్వి తప్పించుకుంటారు. చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ 1974లో రూపొందించిన ఈ పద్ధతిలో కత్తి గాటు లేదు, కుట్లు లేవు. మత్తు ఆ చోటుకు మాత్రమే ఇస్తారు. ఇరవై నిమిషాల్లోపు అయిపోతుంది. ఆడవారి ఆపరేషన్‌లో పొట్ట తెరవాలి, ఇందులో తెరవడానికేమీ లేదు. "బాయి పని చేసేటోళ్లం అయ్యగారూ, బలం పోతది" అంటారు. బలం కండరాల్లో ఉంది, మగతనపు హార్మోను రక్తంలోకి పోతుంది, ఈ ఆపరేషన్ ఆ రెంటినీ తాకదు. బీజకణాలు పోయే సన్నని నాళాన్ని మాత్రం మూసివేస్తారు. రెండు రోజులు విశ్రాంతి, వారం రోజులు బరువు ఎత్తకుండా, సైకిలు తొక్కకుండా ఉంటే చాలు. ఒక్కటి మాత్రం మరువకూడదు: ఆ రోజు నుండే పనిచేయదు. మూడు నెలలు నిరోధ్ వాడి, ఆ తరువాత వీర్య పరీక్షలో బీజకణాలు లేవని తేలాకే నిశ్చింత. ఈ ఆపరేషన్‌కు చెడ్డపేరు వచ్చింది ఎమర్జెన్సీ కాలంలో. 1976-77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎక్కువభాగం మగవారివి, చాలాచోట్ల బలవంతంగా చేసినవి. ఆ భయం తాతల తరానిది. దాని మూల్యం మాత్రం నేటికీ ఆడవారే చెల్లిస్తున్నారు. సంఘ పెద్దలు ఒకరిద్దరు ముందుకొచ్చి తమ అనుభవం చెబితే పది ప్రసంగాలకంటె ఎక్కువ పని జరుగుతుంది.

72 గంటల మాత్ర గురించి రెండు మాటలు. సాధనం విఫలమైనప్పుడు, లేక బలవంతం జరిగినప్పుడు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అది అండం విడుదలను ఆలస్యం చేస్తుంది. అప్పటికే ఉన్న గర్భాన్ని తీయదు. దాన్ని నెలనెలా వాడకూడదు. గర్భస్రావం మాత్రలు వేరు. వాటిని మెడికల్ షాపులో మగవాళ్లు కొనుక్కొచ్చి ఇంట్లో భార్యకు మింగించడం ప్రాణాల మీదికి తెచ్చే పని. మరొక సంగతి: పైన చెప్పినవేవీ హెచ్‌ఐవీ నుండి కాపాడవు. దాన్ని ఆపేది నిరోధ్ ఒక్కటే.

అసలు ఇవన్నీ క్రైస్తవులకు తగునా అని అడిగేవారున్నారు. రోమన్ కాథలిక్ సంఘం కృత్రిమ సాధనాలను ఒప్పుకోదు. 1968 జూలై 25న ఆరవ పౌలు పోపు వెలువరించిన లేఖ ఆ బోధను స్థిరపరచింది. సహజ పద్ధతులకు మాత్రమే అది అనుమతినిస్తుంది. ఆంగ్లికన్ బిషపుల లాంబెత్ సభ 1920లో వ్యతిరేకించి, 1930లో పరిమితులతో అంగీకరించింది. ఆ వారసత్వంలోనుండి వచ్చిన మన దక్షిణ ఇండియా సంఘంలోనూ, బాప్టిస్టు, లూథరన్ సంఘాల్లోనూ ఎక్కువమంది కాపరులు దీన్ని దంపతుల మనస్సాక్షికి విడిచిపెడతారు. ఓనాను కథను ఎత్తిచూపేవారికి నా జవాబు: ఆదికాండము 38వ అధ్యాయం మొత్తం చదవండి. చనిపోయిన అన్నకు సంతానం కలుగజేయవలసిన బాధ్యతను అతడు మోసంతో తప్పించుకున్నాడు. తామారును వాడుకొని ఆమెకు న్యాయం చేయలేదు. పిల్లలు దేవుడిచ్చే స్వాస్థ్యమని 127వ కీర్తన చెబుతుంది, నిజమే. ఆ స్వాస్థ్యాన్ని మోసే తల్లి కూడా ఆయన చేతి పనే.

ఇక ఎంచుకోవడం. అందరికీ ఒకే మందు రాసే పని నాది కాదు, అయినా దంపతులు ఇంట్లో కూర్చుని ముందుగా మాట్లాడుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మళ్లీ బిడ్డ కావాలా, కావాలంటే ఎప్పుడు? ఏడాదిలోనే అయితే ఛాయ, నిరోధ్ సరిపోతాయి. మూడు నాలుగేళ్లయితే కాపర్‌-టి, అంతర చూడవచ్చు. ఇక వద్దంటే, ఆపరేషన్ ఇద్దరిలో ఎవరు చేయించుకోవాలన్న ప్రశ్నను భర్త దాటవేయకూడదు. తల్లికి బీపీ ఉందా, రక్తం ఎంత ఉంది, బిడ్డకు పాలిస్తోందా? మాత్ర గుర్తుంచుకోగలదా? ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి ఉందా? తాగుబోతు భర్త దగ్గర రోజుల లెక్క పెట్టమని ఒక సహోదరికి చెప్పడం క్రూరత్వం. ఆమెకు మూడు నెలల ఇంజెక్షన్ ఊరట కావచ్చు. ఏ పద్ధతికైనా, ఆపరేషన్‌కైనా సరే, చట్టం అడిగేది ఆ మనిషి సమ్మతినే గాని అత్తగారి సంతకాన్ని, భర్త సంతకాన్ని కాదు. కాగితం తెలుగులో చదివి వినిపించమని అడిగే హక్కు ఆమెకుంది.

సింగరేణి ఉద్యోగుల కుటుంబాలు ఏరియా ఆసుపత్రిలోనూ, కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలు, ఇతరులు గోదావరిఖని ప్రభుత్వాసుపత్రిలోనూ, తమ దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనూ అడగవచ్చు. ఆశా కార్యకర్త దగ్గర నిరోధ్, మాత్రలు దొరుకుతాయి. బుధవారమో శనివారమో బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లినప్పుడు ఏఎన్ఎమ్మమ్మను పక్కకు పిలిచి అడిగితే చాలు. చివరి నెలసరి తేదీ, వాడుతున్న మందుల పేర్లు ఒక కాగితం మీద రాసుకొని వెళ్లండి. ముందు బీపీ చూడమనండి. వీలైతే భర్తను వెంటబెట్టుకొని వెళ్లండి.